జనార్ధన్ పుట్టినరోజు, మాది కూడా

సీసాలో నీళ్లు ఇంకా సగం పైనే ఉన్నాయి, అవి అయిపోయేదాకా కదలొద్దని నర్సమ్మ చెప్పి పోయింది, కదలాలని నాకూ లేదు. ఐదు రోజులు టెంటు కింద కూర్చున్నదాన్ని, పొద్దు పొడవకముందే పోలీసులు చాపతో సహా ఎత్తి జీపులో వేసి తెచ్చి మేడ్చల్ సర్కారు దవాఖానలో ఈ మంచం మీద పడేశారు. ఎడమ చేతికి సూది గుచ్చారు. నోట్లోకి మాత్రం ఇంకా మెతుకు పోలేదు. నోట్లోకి పోనంతవరకు నిరాహారదీక్ష నడుస్తున్నట్టే, నా లెక్క అది, పోలీసుల లెక్క ఏమైనా కానీ. పడుకుని చూస్తే కిటికీ నిండా జనార్ధన్. గేటు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో రెండు చేతులు జోడించి నన్నే చూసి నవ్వుతున్నాడు, వెనక ఒక సింహం నోరు తెరిచి ఉంది, కింద వరుసగా వాడి అనుచరుల తలకాయలు పోస్టు బిళ్లలంత. యువనాయకుడికి యాభయ్యో జన్మదిన శుభాకాంక్షలట. యాభై ఏళ్లకి యువ ఏమిటి, సిగ్గుండాలి రాసినవాడికి. శామీర్‌పేట నుంచి ఇక్కడిదాకా స్తంభం విడవకుండా కట్టారు, జీపులో పడుకుని వస్తుంటే ఒక్కో స్తంభం దగ్గరా ఒక్కో జనార్ధన్ నమస్కారం పెట్టి వెనక్కి పోయాడు. నవ్వొచ్చింది, నవ్వడానికి కడుపులో బలం లేదు. ఎందుకంటే నాకూ ఇవాళే యాభై.

నాకే కాదు, మా తరగతి మొత్తానికీ ఇవాళే. శామీర్‌పేట చెరువు అవతల మా ఊరి బడిలో పేర్లు రాయించిన రోజు నాకు బాగా గుర్తుంది, ఐదేళ్ల పిల్లకి ఏం గుర్తుంటుందని అడగొద్దు, ఆకలి మీద ఉన్నప్పుడు అన్నీ గుర్తొస్తాయి. జూన్ నెల, బడి తెరిచిన రోజు, గోపాలరావు సారు అల్వాల్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు, మమ్మల్ని గోడ పొడుగునా నిలబెట్టారు. పుట్టిన తేదీ చెప్పమ్మా అని అడిగితే మా అమ్మ, మక్కలు ఇరిసేటప్పుడు పుట్టింది సారూ, అంది. ఏ సంవత్సరం అంటే, మా పెద్ద బర్రె సచ్చిన యేడు, అంది. సారు నవ్వలేదు, తిట్టలేదు, ఆ రోజు తేదీయే తీసుకుని ఐదేళ్లు వెనక్కి జరిపి రాసేశాడు. నా వెనక నిలబడ్డ పిల్లవాడు పర్వతాలు, వాడికీ అదే. వాడి వెనక అందరికీ అదే. జనార్ధన్ వాళ్ల నాయిన ఊళ్లో సగం భూమి ఉన్న పటేలు, ఆయన వచ్చి ఉంటే తేదీ చెప్పేవాడేమో, రాలేదు, కొడుకుని జీతగాడు గండయ్యతో పంపాడు. గండయ్య పిల్లవాణ్ణి భుజం మీదినుంచి దింపి, దొరసాని లోపల కన్నది సారూ, నేను బయట బర్ల కాడ ఉన్న, నాకేమెరుక, అన్నాడు. అట్లా పటేలు కొడుక్కీ కూలి పిల్లలకీ ఒకే తేదీ పడింది. మా ఊళ్లో అందరికీ సమానంగా పంచింది ఏదైనా ఉంటే ఆ తేదీ ఒక్కటే. నాలుగో తరగతిలో పర్వతాలు లేచి, సారూ మేమంతా కవల పిల్లలమా, అని అడిగితే ఎప్పుడూ నవ్వని సారు కూడా నవ్వాడు. మక్కలు, అంటే మొక్కజొన్న కంకులు, విరిచేది బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా, కాబట్టి నాకు నిజంగా యాభై వచ్చిందో, వచ్చి వెళ్లిపోయిందో, ఇంకా రావాలో ఎవరూ చెప్పలేరు. ఒళ్లు మాత్రం ఎప్పుడో దాటేశానని చెబుతోంది.

"అమ్మా, నిద్రవోకు. ఇది ఇను." మంచం పక్కన స్టూలు మీద నా బిడ్డ సృజన. అల్వాల్‌లో కళ్లద్దాల షాపులో పని, ఇవాళ సెలవు పెట్టింది. "యాభై నిండినోళ్లు ఎట్ల పండుగ చేసుకోవాల్నో ఫోన్ల ఉన్నది."

"సదువు."

చదివింది. విమానంలోంచి ప్యారాచూట్ కట్టుకుని దూకాలట. హకీంపేట విమానాలు పుట్టినప్పటినుంచీ నా తల మీద తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆగి ఎక్కమనలేదు. ఎవరూ తోడు లేకుండా కొత్త ఊరికి పోవాలట. పోయాను, పోలీసులు చాలా కొత్త ఊళ్లు చూపించారు, పొద్దున ధర్నాలో ఎత్తుకుని సాయంత్రం ఎక్కడో దింపేస్తే దారి అడుక్కుంటూ వచ్చాను. అద్దం ముందు నిలబడి నీ ఒంటికి థ్యాంక్స్ చెప్పుకోవాలట. దేనికి చెప్పాలి, మోకాళ్లకా, సూరారంలో మాత్రల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి డబ్బాలు మూసిన మోకాళ్లకా, అక్కడ ఆడవాళ్లకి పాయిఖానా లేదు, పొద్దున ఇంట్లో నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లం, పొద్దుగూకేదాకా బిగబట్టుకునేవాళ్లం, నేను గేటు ముందు కూర్చున్నాను, నా వెనక అందరూ కూర్చున్నారు, పాయిఖానాలు కట్టారు, కట్టిన నెలకే నన్ను తీసేశారు. ఈ మధ్య ఆ గేటు ముందునుంచి ఆటోలో పోతుంటే షిఫ్టు వదిలిన పిల్లలు నవ్వుకుంటూ వస్తున్నారు, వాళ్లకి నేనెవరో తెలియదు, తెలియకపోవడమే మంచిది, పాయిఖానాకి పోయే ప్రతిసారీ ఎవర్నో తలుచుకోవాలంటే ఎవరికి బాగుంటుంది. కొత్త భాష ఒకటి నేర్చుకోవాలట, నేను చదివింది ఐదో తరగతి. సర్కారు జీవోలు చదవడం ఎట్లా నేర్చుకున్నానంటే బూతులు నేర్చుకున్నట్టే, విని విని, తిరిగి అని అని. పాత మిత్రులందర్నీ ఒక్కచోటికి పిలవాలట. పాత పగలు మరిచిపోయి క్షమించాలట.

"ఆఖర్ది మంచిగున్నది," అని సృజన ఫోన్ దించింది. నా మొహం చూడలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఈ చదువుడంతా ఆ ఆఖరిదాని కోసమే అని.

దానికి వేరే ఆలోచన ఉండేది. నెల కింద నుంచీ అనుకుంటోంది, అమ్మకి యాభై, బగారా అన్నం వండాలి, కోడి కొయ్యాలి, కేకు కొయ్యాలి. నా బతుకులో కేకు కోయలేదు నేను, ఒకరి కేకు తిన్నది కూడా తక్కువే. బేకరీలో చెప్పి పెట్టిందట, పైన నా ఫొటో వేయిస్తున్నదట. ఏ ఫొటో ఇచ్చినవే అంటే, పేపర్ల వచ్చిందేనమ్మా, నువ్వు నోరు తెరిచి అరుస్తున్నది, ఇంకోటి లేదు గదా, అంది. యాభై ఏళ్లలో నోరు మూసుకున్న ఫొటో ఒక్కటి లేదు నాకు. పెళ్లి ఫొటోలో కూడా ఎవర్నో పిలుస్తున్నట్టు నోరు తెరిచే ఉన్నాను, ఆ పక్కన నిలబడ్డ మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఎట్లా జరుపుకోవాలని నన్నడిగితే ఏం చెప్పేదాన్ని, తలుపు గడియ పెట్టుకుని పడుకోవాలి, ఎవరూ అక్కా అని పిలవకూడదు, ఎవరి రేషన్ కార్డూ ఆగిపోకూడదు ఆ ఒక్కరోజు, ఎవరి నాలా మీదా ఎవరూ గోడ కట్టకూడదు, లేచాక వేడి వేడిగా ఏదైనా తినాలి. ఇంతే. పడుకోవడం మాత్రం దొరికింది, సూది పెట్టించుకుని.

"అమ్మా, అన్వేష్ మెసేజ్ వెట్టిండు," అంది మెల్లగా. అన్వేష్ అంటే జనార్ధన్ వెంట తిరుగుతూ ఫొటోలూ వీడియోలూ తీసే పిలగాడు. "సార్ పండ్లు పంచనీకి గీ దవాఖానకే వస్తున్నడంట. నీకు సార్ చేతుల మీద ఒక్క అరటిపండు తినిపిస్తే దీక్ష గూడ అయిపోతది, అందరికి మంచిది, బడి సంగతి సార్ చూసుకుంటడు అంటున్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? డాక్టర్ చెప్పింది నీకే ఎరుక. ఇంకొక్క దినం గిట్లనే ఉంటే కిడ్నీల మీద వడ్తదన్నడు." ఫోన్ ఒళ్లో బోర్లించింది. "ఇగ సాలమ్మా. ఎవలొస్తున్నరు నీ ఎనక? నిన్న టెంట్ల నువ్వు, నేను, కుక్క."

నిజమే. మొదటి రోజు టెంటు చాలలేదు. రెండో రోజు చాప సగం ఖాళీ. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి, అక్కా, సార్ బర్త్‌డే పనులకు పిలిచిండ్రు, పోకుంటే మంచిగుండదు, అని తల గోక్కుని పోయారు. వాళ్ల పిల్లల బడి కోసమే కూర్చున్నాను. గోపాలరావు సారు మా తేదీలు రాసిన ఆ బడినే. గోడలు కూలేటట్టు ఉన్నాయి, కొత్తది కడతాం అని రెండేళ్ల కింద పడగొట్టారు, కట్టలేదు. పిల్లల్ని కమ్యూనిటీ హాల్లోకి మార్చారు, హాలు పెళ్లిళ్లకి ఇస్తారు కాబట్టి ముహూర్తం ఉన్న రోజల్లా బడికి సెలవు, మా ఊరి పిల్లలు పంచాంగం చూసి పలక తీస్తారు. పడగొట్టిన జాగా పక్కనే జనార్ధన్ ఫంక్షన్ హాలు. ఒకరోజు చూస్తే జాగా మీద కంకర పోసి రోలర్ తిప్పారు, ఇంకోరోజు చూస్తే సున్నంతో గీతలు గీశారు, ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఒక కారు. నేను పలక మీద అ రాసిన చోట ఇప్పుడు ఎవడిదో తెల్లకారు నిలబడుతుంది. అడిగితే, బిల్డింగ్ శాంక్షన్ అయ్యేదాకా ఖాళీగనే ఉంటది గదా రాధమ్మా, కార్లు వెట్టుకునే జనం సౌలత్ కోసం, అన్నాడు వాడు. ఇవాళ బడులు తెరిచారు. ఇవాళ మంచి ముహూర్తం కూడా అట, కమ్యూనిటీ హాల్లో ఎవరిదో లగ్గం. సాయంత్రం ఫంక్షన్ హాల్లో వాడి యాభయ్యో పండుగ, ఆ గీతల మధ్య కార్లే కార్లు.

కళ్లు మూస్తే ఉప్మా వాసన. ఎక్కడినుంచి వస్తుందో, ఈ దవాఖానలో ఫినాయిల్ తప్ప వాసన లేదు. బళ్లో మధ్యాహ్నం సర్కారు గోధుమ రవ్వతో ఉప్మా పెట్టేవాళ్లు, మోదుగాకులో పోస్తే ఆకు కాలి ఇంకో వాసన కలిసేది, దానికోసమే సగంమందిమి బడికి పోయేవాళ్లం. జనార్ధన్‌కి ఇంటినుంచి పెరుగన్నం టిఫిన్ డబ్బాలో గండయ్య తెచ్చేవాడు. వాడి కన్ను మాత్రం మా ఆకు మీదే. డబ్బా నావైపు జరిపి నా ఆకు వాడివైపు లాక్కునేవాడు, ఇద్దరం గోడకి ఆనుకుని షాబాద్ బండల చల్లదనం మీద కూర్చుని గబగబా తినేవాళ్లం, గండయ్య చూస్తే వాళ్ల నాయినకి చెబుతాడని. పెరుగన్నం ఎంత చల్లగా ఉండేదో. ఆ చల్లదనం ఇప్పుడు నాలుక మీద తగిలి పోయింది. తినాలి. తినాలని ఉంది నాకు, ఈ మాట ఎవరితోనూ అనలేదు, సృజనతో కూడా. బడి కావాలి, నిజమే, కానీ ఈ క్షణాన రెండు ముద్దల పెరుగన్నం ముందు పెడితే నా చెయ్యి నా మాట వింటుందని నాకే నమ్మకం లేదు.

నర్సమ్మ వచ్చి అందరి దుప్పట్లూ సర్దింది, సార్లు వస్తున్నరు, కాళ్లు లోపల పెట్టుకోన్రి, అని. పక్క మంచం మీద కాలు విరిగిన అవ్వ, నా కాలు నా మాట ఇంటదా బిడ్డా, అని గొణిగింది. తర్వాత గుంపు వచ్చింది. ముందు అత్తరు వాసన, తర్వాత తెల్లబట్టలు, తర్వాత పండ్ల బుట్ట, ఒక్కొక్క అరటిపండుకీ పది చేతులు. అవ్వకి ఆపిల్ ఇచ్చారు, అందరూ దాని మీద చెయ్యేసి ఫొటోకి నిలబడ్డారు, అవ్వ, పండ్లు లేని నోటికి గిదెందుకు, మెత్తటిది లేదా, అంటే ఎవరూ వినలేదు. నా మంచం దగ్గరికి వచ్చి ఆగారు. జనార్ధన్ చేతిలో అరటిపండు, ముందే సగం ఒలిచి ఉంది.

"ఏంది రాధమ్మా గీ పట్టు? నా పుట్టినరోజు పూట నువ్వు గిట్ల వడి ఉంటే నాకు మంచిగనిపిస్తదా? తీస్కో."

"సార్, జెర కిందికి వంగున్రి, అక్క మొకం రాలే," అన్నాడు అన్వేష్ ఫోన్ పైకెత్తి.

"జనార్ధన్," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, ధర్నాలు తినేశాయి దాన్ని. "ఇయ్యాల నీ పుట్టినరోజని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది? సర్టిఫికెట్ల ఉన్నది."

"సర్టిఫికెట్ల ఎవలు రాసిన్రు? గండయ్య నిన్ను భుజం మీద తెచ్చి దించిండు, సారు రాసిండు. ఏడ కూసొని రాసిండు? నువ్వు కార్లు వెడుతున్నవే, గాడ. నీ పుట్టినరోజు పుట్టిందే గా బళ్లె. దాన్ని కూలగొట్టి పండుగ చేస్కుంటున్నవ్."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. జనార్ధన్ వెనక్కి చూసేసరికి నోరు మూసుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు, మంచం అంచున కూర్చుని నా మీదికి వంగాడు, అంత దగ్గరగా వాడి మొహం చూసి ఎన్నేళ్లయిందో, ఫ్లెక్సీలో లేనివన్నీ ఉన్నాయి, కళ్ల కింద సంచులు, రంగు వేసిన జుట్టు మొదళ్లలో తెల్లగా గీత. నాకే వినపడేటట్టు అన్నాడు. "నాకు ఎరుక లేదా రాధా. కట్టిస్త. జెర టైం పడ్తది. మీదోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్నరు, గీ దీక్ష ఇయ్యాల అయిపోకుంటే నాకు ఎలక్షన్ల టికెట్ లేదు. నాకు షుగర్ ఉన్నది. పొద్దుందాక కేకులు కోస్త, ఒక్క ముక్క నోట్ల వెట్టలేను. పట్టుకో, ఇద్దరం ఇండ్లకు పోదాం."

అలసిపోయిన మనిషి మాట అలసిపోయిన మనిషికి ఎంత తేలిగ్గా ఎక్కుతుందో. వాడు అబద్ధం చెప్పడం లేదు. పండు వాసన ముక్కులోంచి కడుపులోకి దిగింది. నా కుడి చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది, పండు చుట్టూ వేళ్లు మూసుకున్నాయి, మెత్తగా, వాడి వేళ్లు దాని మీద ఇంకా ఉన్నాయి. పాత పగలు మరిచిపోవాలట. సృజన స్టూలు ముందుకు జరిపిన చప్పుడు వినిపించింది. నోటిదాకా రావడానికి ఇంకా జానెడు దూరం ఉందనగా పక్క మంచం మీదినుంచి అవ్వ, "బిడ్డా, నువ్వు తినకుంటె నాకియ్యి, మెత్తగున్నది," అంది. పండు వాడి వేళ్లలోంచి లాగి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ వెంటనే సగం మింగింది, నేను వద్దంటానేమోనని. జనార్ధన్ లేచాడు, నా వైపు చూడలేదు, పక్క వార్డులోకి పోయారు, అత్తరు వాసన మాత్రం మిగిలింది.

ఓడిపోలేదు అనుకుని కళ్లు మూశాను. సీసా అడుగుకి వచ్చింది. సృజన ఫోన్ గొణిగింది, మళ్లీ గొణిగింది, ఆగకుండా గొణిగింది. చూపించమంటే చూపించనంది, చేతిలోంచి లాక్కున్నాను. ఫొటో. నా చెయ్యీ వాడి చెయ్యీ ఒకే పండు మీద, నేను వాడి మొహంలోకి చూస్తున్నాను, నోరు మూసుకుని. మొదటిసారి నోరు మూసుకున్న ఫొటో, బాగా వచ్చింది కూడా. కింద రాశారు, జన్మదినాన చిన్ననాటి సోదరి దీక్ష విరమింపజేసిన జనార్ధన్ అన్న. ఎన్ని పూలగుచ్ఛాల బొమ్మలో కింద. ఆ కింద ఇంకెవరో, టెంటు విప్పుతున్నారు, అక్క సామాను ఎవరైనా తీసుకుపోండి.

సృజన ఏడుస్తోంది. నేను ఏడవలేదు, ఏడవడానికి కూడా నీళ్లు కావాలి, ఇప్పుడే సీసాతో పోశారు, కళ్లదాకా రాలేదు. ఇగ లేచి తినొచ్చు. తిన్నానని వాళ్లే అందరికీ చెప్పేశాక తినకపోవడం ఎవరికోసం. ఐదు రోజులు నా కడుపు మాడ్చుకున్నాను, ఎవడికీ నొప్పి పుట్టలేదు, నా కడుపు నాదే కదా, వాళ్లకెందుకు పుడుతుంది. వాళ్లకి నొప్పి పుట్టాలంటే వాళ్లది ఏదో ఆగాలి. ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నప్పుడు మేం తిని కూర్చున్నాం, లారీలు ఆగాయి. ఎట్లా మరిచిపోయాను ఇది, ఎప్పటినుంచి నా ఒంటినే కోసి చూపించడం మొదలుపెట్టాను, అలసట వచ్చినప్పటినుంచేమో, ఒక్కదాన్నే అయినప్పటినుంచేమో. కిటికీలో జనార్ధన్ ఇంకా దండం పెడుతున్నాడు. యాభయ్యో జన్మదిన శుభాకాంక్షలు. మా తరగతి మొత్తానికి. పాత మిత్రులందర్నీ ఒక్కచోటికి పిలవాలట.

"సృజనా, పర్వతాలు మామకు ఫోన్ కొట్టు."

పర్వతాలు ఇప్పుడు మచ్చ బొల్లారంలో మేస్త్రీ. ఫోన్ ఎత్తగానే వెనక కాంక్రీటు కలిపే మిషన్ మోత.

"ఏమే రాధా, ఫొటో సూసిన. తిన్నవంట గదా. మంచిగైంది పో."

"తినలే. ఇయ్యాల నీకు ఎన్ని ఏండ్లురా?"

"నాకేమెరుక? ఆధార్ కార్డు సూడాలె."

"యాభై. మనందరికి. సారు రాసిండు గదా."

మిషన్ ఆగింది, లేదా వాడు దూరం జరిగాడు. "అవు గదనే! అంటే గీ ఫ్లెక్సీలన్నీ మనయి గూడనా?"

ఈసారి నవ్వొచ్చింది, కడుపు నొప్పి పుట్టేటట్టు. "పొద్దుగూకకముందే బడి జాగల కూసుందాం. బడిల పేర్లు రాపిచ్చిన రోజు నిలవడ్డం సూడు, గట్లనే లైన్‌గ. మనోళ్లందరికి చెప్పు."

"గాడ ఇయ్యాల కార్లు వెడ్తరే. పోలీసులు ఊకుంటరా? పర్మిషన్ ఉన్నదా?"

"దీక్షకు గావాలె పర్మిషన్. పుట్టినరోజుకు ఎవడడిగిండు? జనార్ధన్‌ను అడిగిండ్రా?"

ఎవరినో సిమెంటు ఆపమని కేకేశాడు. వాడికి రోజు కూలి పోతుంది, జనార్ధన్ హాలు గోడలు కట్టినవాడు కూడా వాడే. "నా పెండ్లాం తిడ్తది," అన్నాడు చివరికి. "తిననీకి ఏమన్న పెడ్తవా మరి?"

"ఉప్మా. గాడనే వండుదాం. నేను గూడ తింట."

నర్సమ్మ వచ్చి సూది తీసింది, దూది పెట్టి గట్టిగా నొక్కుకోమంది. కాళ్లు నేల మీద పెట్టాను, నేల చల్లగా ఉంది, తల తిరిగింది, సృజన చంక కింద చెయ్యేసి పట్టుకుంది. ఎంతమంది వస్తారో తెలియదు. గోడ పొడుగునా నిలబడ్డవాళ్లలో కొందరు మట్టిలో ఉన్నారు, ఒకతె కాన్పులో పోయింది, ఒకడు లారీ కింద, కొందరు జనార్ధన్ వడ్డించే బిర్యానీకే పోతారు, పోనీ. నలుగురు వచ్చినా ఒక వరుస అవుతుంది. వరుస ఉంటే కారు రాదు.

"బేకరీల కేకు ఏంజేద్దామమ్మా?" అంది సృజన ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు అరుస్తున్న ఫొటో."

"తే. అందరికి ఒక ముక్క వస్తది."

"జనార్ధన్ సార్‌ను గూడ పిలుస్తవా?"

కిటికీ వైపు చూశాను. గాలికి ఫ్లెక్సీ ఒక మూల తాడు తెగి సింహం సగం మడతపడింది, వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. పిలుస్తాను. వాడూ మా తరగతివాడే, ఆ తేదీ మీద నాకెంత హక్కో వాడికీ అంతే. వాడి చోటు ఖాళీగా ఉంచుతాం, మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఇప్పుడక్కడ కిటికీ లేదు.